చిన్నమ్మ దూలం కింద జాకీ

మొన్న ప్రొద్దుటూరులో మందుల కోసం బజారుకు పోతూ ఒక వీధి మలుపులో ఆగిపోయాను. రెండంతస్తుల మేడ ఒకటి నేల విడిచి నిలబడి ఉంది. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఆ ఇంటి గడప పల్లంలో పడిపోయిందట, వాన పడితే వీధి నీళ్లన్నీ ఇంట్లోకేనట, అందుకని గోడల కింద వరుసగా జాకీలు పెట్టి మేడను మేడలాగే పైకి లేపుతున్నారు. జనమంతా నోరు తెరుచుకుని మేడను చూస్తున్నారు గానీ నా కళ్లు మాత్రం జాకీల మీదే ఉన్నాయి. వాటి కింద ఏం పరిచారు, ఏది ముందు తిప్పుతున్నారు, అన్నీ చూసి, పరవాలేదు, పని తెలిసినవాళ్లే అనుకుంటూ తల ఊపాను. అలా తల ఊపే హక్కు నాకుందనే నా నమ్మకం.

మా మేనమామకు ఈ ఊళ్లోనే లారీల మరమ్మతు కొట్టు ఉండేది. చదువు చాలించి నేను ఆయన దగ్గర పనిలో చేరిన రోజుల్లో, నా ఈడువాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, కడప బండలు నిండా నింపుకున్న లారీలు రోడ్డు పక్కన ఒరిగి పడి ఉండడం రోజూ చూసే సంగతే. కబురు రాగానే మామ పోయి, లారీ చుట్టూ ఒకసారి తిరిగి, దీనికి ఫలానా జాకీ అనేవాడు. ఆ మాట తప్పేది కాదు. తప్పనందువల్ల వచ్చే గర్వం ఆయనకు నిండుగా ఉండేది, పక్కనే తిరిగేవాణ్ని గనక నాకూ బాగానే అంటింది, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

మామకు చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, జమ్మలమడుగు దాటి పెద్దముడియం దారిలో ఒక పల్లెలో ఉండేది. చీరలు నేసేది. ఇల్లు మట్టి మిద్దె, దూలాల మీద మన్ను పరిచిన చదును కప్పు. ఎంత ఎండాకాలమైనా లోపలికి అడుగు పెడితే ఒళ్లు చల్లబడేది, ఆ చల్లదనం ఇప్పటి ఏసీ గదుల్లో నాకు దొరకలేదు. నడి ఇంట్లో గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసేది. ఒక ఎండాకాలం, సరిగ్గా ఆ మగ్గం మీదుగా పోయే పెద్ద దూలం నడుమ బీట విచ్చి కిందికి వంగింది. చిన్నాయన అసలే పిరికివాడు, వానలు రాకముందే మిద్దె విప్పేద్దామని పట్టుబట్టాడు. విప్పితే మళ్లీ ఎప్పటికి కప్పగలరో ఎవరికీ తెలియదు. మగ్గమేమో నేలలో పాతుకున్నది, ఎత్తుకుపోయి ఇంకొకచోట పెట్టేది కాదు, అది ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే. చిన్నమ్మ కన్నీళ్లు పెట్టుకోలేదు. అంతంత లారీలను లేపే అన్న నా దూలాన్ని లేపలేడా అని కబురు పంపింది.

మేము కొట్లో ఉన్న మంచి ఆయిల్ జాకీ తీసుకుని దర్జాగా దిగాము. మగ్గం గుంత పక్కన నేల మీద బండ వేసి, దాని మీద జాకీ, జాకీ మీద దుంగ నిలబెట్టి మామ జాకీ పిడిని పైకీ కిందికీ కొట్టడం మొదలుపెట్టాడు. దూలం కదల్లేదు గానీ గుంత అంచు మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి బండతో సహా జాకీయే కిందికి దిగబడింది.

"ఏందన్నా, ఇల్లెత్తమంటే జాకీని పాతిపెడతాండావే?" అంది చిన్నమ్మ.

ఆ మాట మామకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇంతకంటే పెద్ద జాకీ కావాలన్నాడు. ముద్దనూరు స్టేషన్‌లో పట్టాలెత్తే జాకీ అడిగితే ఇవ్వమన్నారు. అక్కణ్నుంచి పులివెందులకు పోయి, బోరు బండ్లు బాగుచేసే తెలిసినాయన దగ్గర పేద్ద ఆయిల్ జాకీ బతిమాలి తెచ్చుకున్నాము. ఆ బరువుకు బస్సులో నా తొడలు కమిలిపోయాయి. ఈసారి గుంతకు అటూ ఇటూ గట్టి నేల మీద ఆనేటట్టు పొడుగాటి మొద్దులు పరిచి, వాటి మీద జాకీ నిలబెట్టాము. మామ కొట్టాడు. దూలం లేవకపోగా ఫెళ్లున చప్పుడు చేసి బీట ఇంకా విచ్చుకుంది. చిన్నాయన వీధిలోకి పరుగెత్తాడు. చిన్నమ్మ మాత్రం మగ్గం మీది పడుగు మీద రెండు చేతులూ చాచి అలాగే నిలబడిపోయింది. నాకు ఆ క్షణంలో నిజంగా భయమేసింది.

బీట పైదాకా పోయిందేమో చూద్దామని నేను మిద్దె ఎక్కాను. వానకాలానికి ముందు మిద్దె మీద చౌడుమన్ను పరచడం మా సీమలో ఆనవాయితీ కదా, చౌడు తడిసి బిగుసుకుంటే చుక్క నీరు కిందికి దిగదు. గడ్డపారతో తవ్వి చూస్తే మన్ను కింద మన్ను, దాని కింద ఇంకా పాత మన్ను, మోకాటి లోతుకు పోయినా కప్పు తగల్లేదు. మామ పైకి వచ్చి ఆ గుంట చూసి, కిందికి వంగి చెల్లెల్ని కేకేశాడు.

"ఏమ్మే, పాత మన్ను ఎప్పుడన్నా తీసినారా?"

"తీసేదేంది? మా అత్త ఏసింది, నేను ఏసినా. తీయమని ఎవురూ చెప్పలేదే!"

మేము రెండు ఊళ్లు తిరిగి జాకీలు వెతికాము గానీ నెత్తి మీద బరువెంతో ఒక్కసారి పైకెక్కి చూడలేదు. ఇంటి మీద ప్రేమతో ఏటేటా వేసిన మన్నే ఇంటిని కుంగదీసింది. వీధి వీధంతా గంపలు పట్టుకొచ్చి పాత మన్ను దించారు. మామ నన్ను ప్రొద్దుటూరుకు పంపి, కొట్టు మూలలో తుప్పు పట్టి పడి ఉన్న చిన్న స్క్రూ జాకీ తెప్పించాడు. ఆయిల్ జాకీ బరువు కింద ఎక్కువసేపు ఉంటే మెల్లగా దిగిపోతుంది, స్క్రూ జాకీ తిప్పినచోట నిలబడుతుంది. కడ్డీ పెట్టి తిప్పింది నేనే. దూలం మూలుగుతూ, మూలుగుతూ, తన చోటికి తాను వచ్చింది. చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది.

రాతి స్తంభం తెచ్చి నిలబెట్టేదాకా జాకీని అలాగే ఉంచాలనుకున్నాము. ఆ స్తంభం రానే లేదు. చిన్నమ్మ జాకీ కడ్డీకి నూలు చిలపలు తగిలించుకుంటూ, కళ్లు కనిపించినన్నాళ్లూ దాని పక్కనే కూర్చుని నేసింది. ఆమె పోయాక పిల్లలు మిద్దె విప్పి స్లాబు ఇల్లు కట్టుకున్నారు. మగ్గం గుంతను మిద్దె మీద నుంచి దించిన చౌడుతోనే పూడ్చారట. జాకీని మాత్రం నీ వస్తువు నీకే అంటూ తెచ్చి నాకిచ్చారు.

మేడను చూసి ఇంటికి వచ్చి దాన్ని బయటికి తీశాను. తుడిచి గ్రీజు పూసి తిప్పితే ఇప్పటికీ నున్నగా తిరుగుతోంది. ఏ బరువుకు ఏ జాకీ అన్నది ఈనాటికీ నేను చూడగానే చెప్పగలను. ఈ జాకీకి తగిన బరువు మాత్రం చిన్నమ్మ దూలమొక్కటే. అది ఇప్పుడు లేదు.