ప్లేటు మీద రాగి పైస

ఈ మధ్య ఎల్.బి.నగర్‌లో కొలనోస్కోపీ చేయించుకున్నాను. ఎనభై దాటినవాడికి ఇవన్నీ అవసరమా అని ఇంట్లో ఒకరిద్దరు గొణిగారు గానీ, నా కడుపు సంగతి నాకంటే వాళ్లకెక్కువ తెలియదు కదా. ముందురోజు నిమ్మకాయ వాసన కొట్టే పొడి కలిపిన నీళ్లు జగ్గులకు జగ్గులు తాగించారు. అయిదడుగుల దూరంలో బాత్రూము ఉంది కాబట్టి దిగుల్లేదు. పొద్దున్నే చల్లటి గదిలో పడుకోబెట్టి చేతికి సూది గుచ్చారు. కళ్లు తెరిచేసరికి అయిపోయిందన్నారు, చాయ్ కూడా ఇచ్చారు. ఇంత సుఖంగా జరిగిపోయే పనికి జనం ఎందుకంత బెంగపడతారో అనుకున్నాను.

లోపలికి తీసుకెళ్లే ముందు నర్సు, "తాతా, మొలతాడు గూడ తీసెయ్యాలె" అంది. మారుమాట్లాడకుండా తీసి ఆమె చేతిలో పెట్టాను.

"అందరు తియ్యనంటే తియ్యనని లొల్లి వెడ్తరు. నువ్వు మంచోనివి తాతా" అంది.

మంచివాణ్ణి కాను. ఈ విషయంలో ఒకసారి బాగా దెబ్బతిన్నవాణ్ణి.

అది అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం రోజులనాటి మాట. నాకు ఇరవైతొమ్మిదేళ్లు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో సగం భాగం కిరాయికి తీసుకుని ఉంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్ అంటే అప్పుడు విజయవాడ రోడ్డుకు అటూ ఇటూ విసిరేసినట్టు కొన్ని ఇళ్లు. ఇప్పుడు ఎల్.బి.నగర్ అంటున్న వైపంతా మెట్ట చెలకలు, బండరాళ్లు. మా టీచరమ్మది కృష్ణా జిల్లా. భర్త పోయాక ఒంటరిగా ఉంటూ బడిలో సైన్సు చెప్పేది. నేనేమో ఆఫీసు ముందు నిలబడి జై తెలంగాణ అని గొంతు పోయేలా అరిచి, సాయంత్రం ఆంధ్రావాళ్ల ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి. తోటి ఉద్యోగులు ఏడిపించేవాళ్లు. ఉద్యోగాల సంగతి ఎత్తితే నేనూ టీచరమ్మా గోడకు అటొకరు ఇటొకరు నిలబడి కీచులాడుకునేవాళ్లం. మర్నాడు పొద్దున ఆవిడ కాఫీ గ్లాసు అదే గోడ మీద పెట్టి పిలిచేది. నేను తాగేవాణ్ణి. కాఫీతో నాకు పేచీ లేదు.

ఆ ఏడాది ఎండాకాలంలో నాకు విరేచనంలో రక్తం కనిపించింది. నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. మా అమ్మకు కూడా మొదట ఇట్లాగే రక్తం పడింది. తర్వాత కడుపులో గడ్డ అన్నారు. నాకు పదహారేళ్లప్పుడు పోయింది. పోయేముందు, లేచి కూర్చోలేని స్థితిలో నన్ను మంచం పక్కన నిలబెట్టి, నడుమ చిల్లున్న రాగి పైస ఒకటి నా మొలతాడుకు గుచ్చి ముడివేసింది. "గిది నీ నడుముకున్నన్ని దినాలు నాకు రంది లేదు బిడ్డా" అంది. తాడు పాతబడ్డప్పుడల్లా కొత్త తాడు కట్టుకుని, పైసను దాని మీదికి మార్చుకుంటూ వచ్చాను. ఒక్క పూట కూడా అది నా నడుముకు లేకుండా లేదు.

చివరికి నా భార్య పసిగట్టింది. రెండు నెలల బిడ్డ ఒళ్లో ఉండగానే నన్ను నిలదీసి, మర్నాడే పెద్ద దవాఖానకు తరిమింది. అక్కడి డాక్టరు నా సంగతి, మా అమ్మ సంగతి విని బేరియం ఎక్స్‌రే రాశాడు. పేగుల్లో కెమెరా తిప్పి చూడటం అప్పటికి మా దాకా రాలేదు. వెనకనుంచి గొట్టం పెట్టి సున్నపు నీళ్లలాంటి తెల్లటి మందు ఎక్కించి, పేగు ఆకారాన్ని ఎక్స్‌రే తీసి చూడటమే దారి. దానికి ముందు పేగు శుభ్రంగా కడిగినట్టు ఉండాలి. ఒక పూటంతా వడగట్టిన నీళ్లు, సాయంత్రం ఆముదం, పొద్దున దవాఖానలో సబ్బునీళ్ల ఎనిమా.

డాక్టరు రాసిచ్చిన ఇంగ్లీషు చీటీ టీచరమ్మ చదివి చెప్పింది. నా భార్య జొన్న జావ కాచి తెచ్చింది.

"జావ కూడా వద్దమ్మా. పైన తేరిన నీళ్లు మాత్రమే ఇవ్వమని రాశాడు" అంది టీచరమ్మ.

"ఉత్త నీళ్లు తాగి మనిషెట్ల నిలవడ్తడు టీచరమ్మా?"

"నిలబడే పని ఏముందమ్మా అతనికి, కూర్చునే పనే కదా."

ఆముదం దగ్గర మళ్లీ తగువు. నా భార్య చాయ్‌లో పోద్దామంది. టీచరమ్మ వేడి కాఫీలో అయితేనే జిడ్డు తెలియదంది. కాఫీ గెలిచింది గానీ, అబద్ధం చెప్పను, జిడ్డు తెలిసింది. అందులో ఉన్నది కాఫీ కాదు, ఆముదంలో వేసిన కాఫీ రంగు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కాఫీ వాసన వస్తే నా కడుపు ఒకసారి ఉలిక్కిపడేది. రెండు భాగాలకూ కలిపి పెరట్లో ఒక్కటే మరుగుదొడ్డి. టీచరమ్మ దాని తలుపు మీద కొత్త తువ్వాలు వేసి, "ఇవాళ్టికి అది నీదే తమ్ముడూ, నా సంగతి నేను చూసుకుంటాను" అంది. ఆ సాయంత్రం నాకెవరైనా రాజ్యం రాసిచ్చినా అంత సంతోషించి ఉండేవాణ్ణి కాదు.

పొద్దున ఖాళీ కడుపుతో బస్సెక్కి దవాఖానకు పోయాను. ఎక్స్‌రే ఆయన గౌను ఇచ్చి, ఒంటి మీద ఏవీ ఉండకూడదన్నాడు. గడియారం తీశాను, ఉంగరం తీశాను, జేబులోని తాళంచెవి కూడా బల్ల మీద పెట్టాను. మొలతాడు తీయాలని నాకు తట్టనే లేదు. దాచలేదు, మొండికెయ్యలేదు. మా వైపు మగవాడికి మొలతాడు ఒంటి మీది వస్తువు కాదు, ఒళ్లే. అది తెంపేది మనిషి పోయాకే. సబ్బునీళ్లూ, తెల్లమందూ, ఇటు తిరుగు అటు తిరుగు, ఊపిరి బిగబట్టు అనడాలూ అన్నీ అయ్యాయి. సిగ్గు మొదటి పది నిమిషాలే ఉంటుంది. తర్వాత ఎప్పుడు వదులుతారా అన్న ఆశ తప్ప ఏమీ మిగలదు.

రెండు రోజుల తర్వాత డాక్టరు ఎక్స్‌రే ప్లేటును కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. నేనూ తొంగి చూశాను. నల్లటి ప్లేటులో తెల్లగా మెలికలు తిరిగిన పేగు, దానికి ఎడమవైపు వంపు మీద గుండ్రంగా, నడుమ చిల్లుతో, తళతళలాడుతూ మా అమ్మ రాగి పైస.

"గిది మింగినవా?" అన్నాడు డాక్టరు.

"లేదు సార్. మొలతాడుది."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ప్లేటు దింపి, "పేగు గీ వంపుకాడ జర సన్నగున్నట్టు కనవడ్తాంది. గడ్డనా, ఉత్త ముడుచుకున్నదా? సరిగ్గ అక్కడనే నీ పైస కూసున్నది. దాని ఎనుక ఏముందో నేనెట్ల చెప్పాలె?" అన్నాడు. పదిరోజుల తర్వాత మళ్లీ తీయాలన్నాడు. మళ్లీ నీళ్లు, మళ్లీ ఆముదం. వాటికంటే ఆ సన్నబడ్డ వంపు మాట నన్ను పట్టుకుంది. బస్సు దిగి ఇంటిదాకా ఎట్లా నడిచానో తెలియదు. చచ్చిపోతానని అనుకున్నాను, నేరుగానే అనుకున్నాను. బిడ్డకు రెండు నెలలు. మా అమ్మ మొహం నాకు కనీసం గుర్తుంది, దీనికి నాదైతే గుర్తు కూడా ఉండదు.

ఇంట్లో అంతా చెప్పాను. పైస తీయనని కూడా చెప్పాను. అది తీసేసిన పూటే గడ్డ కనబడుతుందని నాకు గట్టిగా అనిపించింది. సర్కారు నౌకరీ చేసేవాడివి, ఇంత చదువుకున్నవాడివి అని నన్ను నేనే వెక్కిరించుకున్నా ఆ భయం పోలేదు. పదిరోజులూ పైసను వేళ్లతో తడుముకుంటూ తిరిగాను.

నా భార్య వాదించలేదు. రెండోసారి ఆముదం తాగే రోజు మధ్యాహ్నం నల్ల నూలుతాడు పేని తెచ్చి ముందు అది నా నడుముకు కట్టింది, ఉత్త తాడు. తర్వాత పాత తాడు ముడి విప్పింది. "మొలతాడు లేకుంట ఒక్క గడియ గూడ లేవు. సరేనా?" అంది. పైసను కొంగుతో తుడిచి, "అత్త నిన్ను బతికించుకోనీకె కట్టింది. డాక్టరు కండ్లకు అడ్డం పెట్టనీకె గాదు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆముదం వల్ల అని చెప్పడానికి అప్పటికింకా తాగలేదు.

తెల్లవారి చూస్తే పట్నమంతా బంద్. బస్సుల్లేవు. చంపాపేట్‌లో ఉండే రిక్షా ఆయన, పేషెంటంటే సరే అన్నాడు. పాలు తాగే బిడ్డతో నా భార్య రాలేదు. నేనొస్తానని టీచరమ్మ చెప్పులేసుకుంది. ఆ రోజుల్లో ఆమెకది చిన్న సంగతి కాదు. గొడవలు సద్దుమణిగేదాకా తమ ఊరికి వచ్చేయమని ఆమె అన్నయ్య ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు. నా భార్య పైసను ఆమె చేతిలో పెట్టి, "ఇది మీ కాడ ఉంచుండ్రి టీచరమ్మా, ఆయనకు దగ్గరలనే ఉన్నట్టుంటది" అంది. తాయెత్తులు ఉత్త బూటకమని ఏటా పిల్లలకు పాఠం చెప్పే మనిషి, దాని మీద పిడికిలి మూసుకుంది.

రిక్షాలో నేనొక జాగ్రత్త చెప్పాను. "దారిల ఎవ్వలన్న ఆపితే నేను మాట్లాడ్త. మీరు మాత్రం నోరు తెరువకుండ్రి."

"ఎందుకూ?"

"మీ మాట పట్టిస్తది."

ఆమె మొహం తిప్పుకుంది. కోపం వచ్చింది. నాకు తెలిసినా ఇంకోలా చెప్పడం రాలేదు.

మలక్‌పేట దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి పదిమంది విద్యార్థులు నిలబడ్డారు. ఒకడు హ్యాండిల్ పట్టుకుని, "ఏడికన్నా? బందని తెల్వదా?" అన్నాడు. మాట్లాడబోయాను. సరిగ్గా అప్పుడే ఆముదం లోపల మెలిపెట్టింది. రెండు చేతులతో పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయాను, నోట్లోంచి మాట రాలేదు. అతను మళ్లీ అడిగాడు.

"బాబూ, అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నానయ్యా. నిన్న సాయంత్రం ఆముదం తాగించాం. ఇక్కడ ఎక్కువసేపు ఆపావంటే నీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు" అంది టీచరమ్మ.

అచ్చమైన కృష్ణా జిల్లా మాట. ఆ కుర్రాడు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నా గుండె కడుపులోకి జారింది, అక్కడైతే అప్పటికే చోటు చాలదు. వెనకనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. హ్యాండిల్ పట్టుకున్నవాడు కూడా ఆపుకోలేక నవ్వేసి, "రాళ్లు జరుపుండ్రిరా. జల్ది పోండ్రమ్మా" అన్నాడు. రిక్షా కదిలింది. చాదర్‌ఘాట్ దాటేదాకా మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దవాఖానలో ఆమె వరండా బెంచీ మీద కూర్చుంది, నేను లోపలికి పోయాను. మళ్లీ గౌను, సబ్బునీళ్లు, తెల్లమందు. ఈసారి నేనే గౌను ఎత్తి ఎక్స్‌రే ఆయనకు ఉత్త నూలుతాడు చూపించాను. బందు వల్ల పేషెంట్లు లేరు, ప్లేట్లు ఆ పూటే కడిగారు. డాక్టరు కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటే నేను గోడకానుకుని నిలబడ్డాను. చేయి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది, అక్కడ ఉత్త తాడే ఉంది.

"గడ్డ లేదు" అన్నాడు. "పేగు సాఫుగున్నది. అప్పుడు జర ముడుచుకున్నట్టున్నది, అంతే. రక్తం మొలలది. కారం తగ్గియ్యి."

ఒకటికి రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆయన విసుక్కున్నాడు. ఆ విసుగు నాకెంత హాయిగా వినబడిందో చెప్పలేను.

వరండాలోకి వచ్చి టీచరమ్మకు చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని తెరిచి, పైస ఇచ్చేద్దామని పిడికిలి తెరవబోయింది. వేళ్లు వెంటనే రాలేదు. రెండో చేత్తో ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చింది. అరచేతిలో పైస, పైస ఎత్తితే కింద దాని గుర్తు. ఎర్రగా, గుండ్రంగా, నడుమ చిల్లుతో సహా. అంతకుముందు నేను ప్లేటు మీద చూసింది చూసినట్టే ఉంది. ఇంటి దగ్గర మూసుకున్న పిడికిలి ఆమె అప్పటిదాకా తెరిచినట్టు లేదు.

నేను దాన్నే చూస్తున్నానని గమనించి ఆమె చెయ్యి చీరకు తుడుచుకుంది, ఆ గుర్తు తుడిస్తే పోయేదైనట్టు.

"వెళ్లేటప్పుడు కూడా మలక్‌పేట దగ్గర నన్ను నోరు మూసుకోమంటావా?" అంది.

"లేదు టీచరమ్మా" అన్నాను. "మీరే మాట్లాడుండ్రి."