స్కూటర్ సీటు మీద సంతకం

మొన్న కొరియర్ అతను పార్సిలు చేతికిచ్చి, ఫోను ముందుకు చాపి, వేలితో సంతకం గీయమన్నాడు. గీశాను. వడదెబ్బ తిన్న వానపాములా వచ్చింది. అది చాలండీ అని వెళ్లిపోయాడు. నాకు నవ్వూ వచ్చింది, పాత మంటా రేగింది. గొప్పలనుకోకపోతే చెబుతాను, బెజవాడలో కంప్యూటర్ పేరుతో బోర్డు కట్టిన ప్రతి కంపెనీ తొలి సంతకమూ ఒకప్పుడు నా బీరువాలోనే ఉండేది.

తొంభైల్లో పటమటలో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కంప్యూటర్ కంపెనీలు పెట్టే కుర్రాళ్లు, విచిత్రం చూడండి, వాళ్ల ప్రింటర్లు అస్తమానం మొరాయిస్తుంటే అగ్రిమెంట్లూ ఆర్డర్లూ పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు. నా పొట్ట కొట్టబోయేవాళ్ల కాగితాలు నేనే టైపు చేసిపెట్టి, కార్బన్ కాపీ మీద కూడా సిరాతో ఒక సంతకం పెట్టి ఇమ్మని అడిగేవాణ్ణి. ఏం చేసుకుంటారు మాస్టారూ అని నవ్వేవారు. మీరు పెద్దవాళ్లయ్యాక మీరే వచ్చి చూసుకుందురుగాని అనేవాణ్ణి.

వాటన్నిట్లో రత్నం ఒక షేరు సర్టిఫికెట్. ఆటోనగర్‌లో స్పేరు పార్టుల కొట్టు మేడమీద మొదలైన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీది, నా పేరూ మా ఆవిడ పేరూ కలిపి రాయించుకున్నది. ఆ కంపెనీ పెట్టినాయన మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, తీరిగ్గా సంతకం పెట్టాడని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాను. నిజానికి ఆయన బస్సుకు పరుగెడుతుంటే స్కూటర్ అడ్డం పెట్టి ఆపాను. విసుక్కుంటూ సీటు మీదే కాగితం పరిచి గీకాడు. సీటు మెత్తన కదా, పెన్ను దిగబడి సంతకం చివర చిల్లు పడింది. ఆ చిల్లంటే నాకు ప్రాణం. వేలితో తడిమితే ఆనాటి ఆయన తొందరంతా చేతికి తగిలేది. పనిలో పనిగా ఇంకోటీ ఒప్పుకుంటాను: ప్రతి కంపెనీ అన్నానే, బీరువాలో ఉన్నవి మొత్తం ఐదు కాగితాలు.

తర్వాత ఆ కంపెనీ పెద్దదై హైదరాబాదు వెళ్లిపోయింది. కాగితం షేర్లకు కాలం చెల్లి, అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాల్సిన రోజులొచ్చాయి. షేర్ల బ్రోకరు ఆఫీసులో పనిచేసే మా బావమరిది ఫారాలు తెచ్చాడు, పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టాను. కొన్ని వారాలు పోయాక నా సర్టిఫికెట్ ఏదిరా అని అడిగితే, మా ఇంట్లో మా ఆవిడ వేసిన పకోడీ నములుతూ, "ఇంకెక్కడిది బావగారూ, రద్దయినట్టు ముద్ర కొట్టి కంపెనీకి పంపేశాం, వాళ్లు ఈపాటికి చింపేసుంటారు" అన్నాడు. చింపేసుంటారు! పాత క్యాలెండరు సంగతి చెప్పినంత తేలిగ్గా.

అయినవాడే గొంతు కోస్తే ఎవరితో చెప్పుకోను? తమ్ముడికి అక్క వత్తాసు. షేర్లు భద్రంగా ఉన్నాయిగా అని ఇద్దరూ ఒకటే పాట. నాకు కావలసింది ఆ చిల్లేనని ఎవరికీ పట్టలేదు. వాడి ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. మిగిలిన నాలుగు కాగితాలూ తీసి చూడబుద్ధి కూడా పుట్టలేదు. ఇప్పుడు సంతకానికి సిరా లేదు, ఒత్తిడి లేదు, మనిషి కంగారో కోపమో మోసే కాగితమే లేదు. అద్దం మీద వేలు జారిపోతుంది, అంతే.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విని, చేట పక్కన పెట్టింది.

"గొంతు కోశాడా? ఈ కాగితం మళ్లీ రాదు, ఆలోచించుకోండి బావగారూ అని నా ఎదురుగానే చెప్పాడండీ వాడు, ఒకటికి రెండుసార్లు. అప్పటికి జన్మలో మిమ్మల్ని సంతకం అడిగినవాడు వాడొక్కడే. మీరేమో ఆ ఫారాల మీద వంపులు తిప్పి, కింద గీత గీసి, ఎలా ఉందోయ్ అని నాకు చూపించుకు మురిసిపోయారు. వాడి మాట వింటేగా!"