ఒట్టి సమాధికి సున్నం

బంటుమిల్లి పక్కన మా ఊరి సమాధుల తోటలో మా ముత్తాతకు సమాధి ఉంది. అందులో ఆయన లేడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రాన్సు వెళ్లాడు, పోయాడని కబురు వచ్చింది, మనిషి రాలేదు. ఎప్పటికైనా ఎముకలన్నా వస్తే పెట్టడానికి చోటుండాలని ఆయన భార్య ఈ ఒట్టి సమాధి కట్టించింది. ఏటా సమాధుల పండుగకు ముందు దానికి సున్నం వేసేది వాళ్ల మనవడు, మా నాన్నే. తోటలో చోటు చాలడం లేదు, దాన్ని వదలమని చర్చి సంఘపెద్దలు ఎప్పుడడిగినా, "రేపు మా తాత వస్తే ఎక్కడ పడుకోబెడతారండీ?" అని నోరు మూయించేవాడు.

నేను ఉద్యోగం పనిమీద పారిస్ వెళ్తున్నానంటే ఆయన కోరింది ఒక్కటే. "తాత ఎక్కడున్నాడో చూసి రామ్మా. సున్నం వెయ్యకుండా మాత్రం రాకు." చిన్న డబ్బాలో తమలపాకుల సున్నం పెట్టి ఇచ్చాడు. బంటుమిల్లి నుంచి ఫ్రాన్సుకు సున్నం మోసిన ఘనత నాకే దక్కి ఉంటుంది.

కబురులో వచ్చిన ఊరి పేరు నాన్నకు బైబిలు వాక్యంలా కంఠతా వచ్చు. ఆదివారం రైలెక్కి ఆ ఊరు వెళ్లాను. చదును నేల, నల్లమట్టి, పొగమంచు. చర్చి గోడకు గుండ్లు తగిలిన గుంటలు అలాగే ఉంచారు. మా ఊళ్లో అయితే క్రిస్మస్ కల్లా సిమెంటు పూసి రంగేసేవాళ్లం. కూడలిలో రాతి సిపాయి విగ్రహం, దాని కింద యుద్ధంలో పోయిన ఊరివాళ్ల పేర్లు. ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ కనిపించింది. పొలం గట్టున తుప్పుపట్టిన ఫిరంగి గుండ్లు పోగేసి ఉన్నాయి. దున్నినప్పుడల్లా ఇప్పటికీ పైకి తేలతాయట. ఆ మట్టిలో ఇంకా ఎవరున్నారో అని అడుగు వేయడానికే భయమేసింది.

ఊరి చివర సైనికుల సమాధులు. ఒక మూల మనవాళ్లవి. వరుసలన్నీ వెతికాను, ముత్తాత పేరు లేదు. చాలా రాళ్లకు అసలు పేరే లేదు. అన్నీ ముందే తెల్లగా ఉన్నాయి. సున్నం డబ్బా పట్టుకుని నిలబడిపోయాను. వెనక ఎవరో "అమ్మాయ్" అన్నట్టయి తిరిగి చూశాను. మంచు తప్ప ఏమీ లేదు.

నాన్నకు వీడియో కాల్ చేశాను.

"ఏదమ్మా తాతది?"

"తెలియట్లేదు నాన్నా. చాలావాటికి పేర్లు లేవు."

ఫోను వరుస పొడవునా తిప్పి చూపించాను.

"అయితే పేరు లేనోళ్లందరికీ పెట్టమ్మా. వాళ్ల పిల్లలకీ రావడం కుదిరుండదు."

ఒక్కో రాయి అడుగున, గడ్డి కప్పేసే చోట, వేలితో కాస్త సున్నం రాశాను. ఏడుస్తూనే రాశాను.

"మంచి చోటే," అన్నాడు నాన్న. "ఇంతమంది తోడున్నారు. తాత ఇంక రాడులేమ్మా. ఇక్కడిది ఖాళీగా ఎందుకు? నా రోజొచ్చినప్పుడు నన్ను అందులో పెట్టండి."

ఈ ఏడు పండుగకు సున్నం నన్నే వేయమన్నాడు. తను పక్కన కుర్చీలో కూర్చుని, "ఆ తలవైపు సరిగ్గా పడలేదు చూడు," అన్నాడు. రేపు ఆయన తల పెట్టే చోటికి ఇంకో పూత వేశాను.