పెదనాన్న కుడిచెయ్యి

ఆ రోజుల్లో నాకు వైద్యం మొత్తం వచ్చనే నమ్మకం ఉండేది. తెనాలిలో ఒక మందుల షాపులో చేరి అప్పటికి మూడు నెలలు. ఏ బిళ్ళ ఏ అరలో ఉందో తెలిసినవాడికి రోగాలు ఓ లెక్కా అనుకునేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు నన్ను డాక్టరుగారూ అని పిలిచేవారు. (అది వెక్కిరింపని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.)

ఆ వేసవిలోనే మా పెదనాన్నకి కడుపులో కాన్సర్ ముదిరిపోయిందని, ఇంక ఇంటికి తీసుకెళ్ళమని ఆసుపత్రిలో చెప్పేశారు. నొప్పి తగ్గడానికి రోజూ ఇంజక్షన్లు చేయాలి. ఇంటికొచ్చే నర్సమ్మ నాలుగుచోట్ల గుచ్చి, చివరికి కుడిచేతి మీద ఒక్క నరం దొరికితే, సూది అందులోనే ఉంచి ప్లాస్టర్ వేసింది. అది తడిస్తే పాడైపోతుందని, ఇంకో నరం దొరకదని నాతో చెప్పింది. అంతమందిలో నాతోనే చెప్పిందంటే నా విద్య గుర్తించినట్టే కదా.

పెదనాన్న జీవితంలో చర్చి గడప తొక్కిన మనిషి కాదు. పెద్దమ్మ ఒక్కతే వెళ్ళేది. అలాంటి ఆయన ఒక ఉదయం తనకి బాప్తిస్మం ఇప్పించమన్నాడు. మా అయ్యగారు (పాస్టరుగారిని మావాళ్ళు అలాగే అంటారు) నిలువునా ముంచితే తప్ప ఒప్పుకోరు. చూస్తే కాలవలు కట్టేసి నెలయింది, మోకాలు తడిసే నీళ్ళు లేవు. కారు మాట్లాడుకుని బాపట్ల సముద్రానికి బయల్దేరాం. దారిపొడుగునా అయ్యగారు, బానిసలుగా ఉన్నవాళ్ళని సముద్రం చీల్చి దాటించిన దేవుడి గురించి, సిలువ మీద ఆఖరి ఘడియలో రక్షణ పొందిన దొంగ గురించి చెబుతూనే ఉన్నారు. దొంగ దగ్గర పెదనాన్న కళ్ళు తెరిచాడు.

"ఆడు అంతకుముందు ఎవరెవర్ని ఏడిపించాడో రాయలేదా అండి?" అని అడిగాడు.

రాయలేదన్నారు అయ్యగారు.

సముద్రం మాకోసం చీలలేదు సరికదా, మొదటి అలకే అయ్యగారు వెల్లకిలా పడి, అందరికంటే ముందు తనే మునిగి లేచారు. నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ పాట్లు దేవుడికే తెలియాలి. నడుంలోతు నీళ్ళలో కారు డ్రైవరు, నేను చెరోపక్క పెదనాన్నని పట్టుకున్నాం. తెల్లబట్టల్లో ఎముకలు తప్ప ఏం లేడు. నేను ఆయన కుడిచేతికి పాలిథిన్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించి, నా తలకంటే ఎత్తున పట్టుకున్నాను. అయ్యగారు ప్రార్థన చేసి ముంచారు. మనిషంతా మునిగాడు, చెయ్యి మాత్రం చుక్క తడవలేదు. మెచ్చుకుంటుందేమోనని ఒడ్డున ఉన్న పెద్దమ్మ వైపు చూశాను.

ఆవిడ చీర తడుస్తున్నా ఆగకుండా నీళ్ళలోకి వచ్చేసింది.

"ముంచాల్సింది ఆ చెయ్యేరా," అంది.

ముప్ఫై ఏళ్ళు తాగొచ్చి ఆవిణ్ణి కొట్టిన చెయ్యి అది. పెద్దమ్మకి ఎడమ చెవి ఎందుకు వినబడదో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం నోరెత్తలేదు. అప్పుడు కూడా నేను, సిగ్గులేకుండా, నరం పోతే ఇంజక్షన్ ఎక్కదని ఆవిడకి వైద్యం చెప్పాను. అయ్యగారు అంతా మునిగినట్టేనమ్మా అని సర్దిచెప్పబోయారు. పెదనాన్న ఇద్దరి మాటా వినలేదు.

"వదల్రా," అని నా పట్టులోంచి చెయ్యి లాక్కున్నాడు. కవరు పళ్ళతో పీకేసి, ఆ చేతిని భుజం దాకా నీళ్ళలో పెట్టాడు. మూడు నాలుగు అలలు వచ్చి పోయినా తియ్యలేదు. పెద్దమ్మ చూస్తూ నిలబడింది. క్షమించానని అనలేదు.

నరం పోయింది. నర్సమ్మ నన్ను చెడామడా తిట్టింది. ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిది రోజులూ కండకి ఇంజక్షన్ చేద్దామంటే ఆ ఒంట్లో కండేది? నొప్పికి పళ్ళు బిగించి మూలిగేవాడు గానీ, ఎందుకు తడుపుకున్నానా అని ఒక్కసారీ అనలేదు. పెద్దమ్మ చెంచాతో జావ పోస్తూ పక్కనే కూర్చునేది.

ఇప్పుడు రేపల్లెలో నాకే మందుల షాపు ఉంది. పెద్దమ్మ మా దగ్గరే ఉంటోంది. మొన్న ధైర్యం చేసి, వినబడే చెవి వైపు కూర్చుని, పెదనాన్నని క్షమించావా అని అడిగాను.

"దేవుడు గొప్పోడురా, ఒక్క మునక్కే క్షమించేశాడు. నేనింకా క్షమిస్తానే ఉన్నా," అంది.

తెనాలి షాపులో కొత్తగా చేరిన ఆ ఇరవై ఏళ్ళ కుర్రాడైతే దీనికీ ఏదో బిళ్ళ రాసిచ్చేవాడు. వాణ్ణి తలుచుకుని నవ్వుకుని, ఆవిడ బీపీ మాత్ర చేతిలో పెట్టి, మంచినీళ్ళు తేవడానికి లేచాను.