నాలుగు స్పూన్ల సోడా

ఆ రోజుల్లో టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉంటే ఇంట్లో వాళ్లదే రాజ్యం. ఆళ్లగడ్డలో మా ఇంటి రాజ్యం శనివారం మధ్యాహ్నాలు నాది. అప్పుడు నాకు పదమూడేళ్లు, శనివారం ఒంటిపూట బడి. నాయన లారీ మీద పోతే వారానికి గానీ రాడు, అమ్మ అంగన్‌వాడీలో ఆయా పని ముగించుకుని మూడింటికి గానీ రాదు. ఇప్పుడు నేను నంద్యాలలో టీచరమ్మను. పిల్లలకు నిజాయితీ గురించి పాఠం కూడా చెబుతాను (నవ్వకండి). ఆ పాఠం వచ్చిన ప్రతిసారీ నాకు చెవులు వేడెక్కుతాయి. ఎందుకో చెప్పేసి ఆ వేడి కొంచెమైనా దించుకుందామని ఇది రాస్తున్నాను.

రెండు గంటలకు ఒక ఛానల్లో వంటల కార్యక్రమం వచ్చేది. అందులో ఒకావిడ బోర్డు మీద కొలతలు రాసి మరీ లెక్కల టీచరులాగా వంట నేర్పేది. సరిగ్గా అదే రెండు గంటలకు ఇంకో ఛానల్లో పోలీసు గస్తీ సీరియల్. జీపు, సైరను, మీసాల ఎస్సై, ప్రతి వారం ఒక దొంగ. ఆవిడ చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాయడం అమ్మ నాకు అప్పజెప్పిన పని. నేను మాత్రం ఆవిడ ఉల్లిపాయలు వేయించే లోపల ఎస్సై దగ్గరకు పోయి వచ్చేదాన్ని. అక్కడ దొంగ గోడ దూకుతూ ఉంటే వదిలి రావడం ఎవరి తరం? తిరిగొచ్చేసరికి ఇక్కడ కూర దించేసి కొత్తిమీర చల్లుతూ ఉండేది. మధ్యలో తప్పిపోయినవాటికి నేనొక ఉపాయం కనిపెట్టాను. అన్నిటికీ 'తగినంత' అని రాసేయడం. కారం తగినంత, పుట్నాల పొడి తగినంత, ఒకసారైతే ఏకంగా 'మిగతావి తగినంత' అని రాశాను. తగినంత అంటే ఎంతో అమ్మ చేతికి తెలుసు కాబట్టి కూరలు బాగానే కుదిరేవి. పేరు మాత్రం టీవీ ఆవిడకు పోయేది.

అట్లా ఉండగా క్రిస్మస్ దగ్గరపడింది. మా చర్చి స్త్రీల సమాజానికి ఏటా కేకు నంద్యాల బేకరీ నుంచి వచ్చేది. ఆ ఏడు అమ్మ లేచి నిలబడి, ఈసారి నేను చేస్తాను అంది. సమాజంలో అమ్మకు చాపలు పరిచే పని తప్ప ఇంకేదీ ఇచ్చేవాళ్లు కాదు. ఆ కేకుతోనైనా నలుగురూ తనను ఒక మనిషిగా చూస్తారని ఆమె ఆశ. బస్సులో నంద్యాల పోయి కేకు గిన్నె కొనుక్కొచ్చింది. కుక్కర్లో పోయడానికి ఇసుక జల్లించి పెట్టుకుంది. ఆ శనివారం టీవీలో కుక్కర్ కేకు నేర్పుతారని ముందే చెప్పారు. పొద్దున పనికి పోతూ అమ్మ నాకు వేలు చూపించింది.

"కేకుకు గూడా తగినంత గిగినంత అని రాసినావంటే సూడు. లెక్క కావాల."

మైదా లెక్క, చక్కెర లెక్క, గుడ్ల లెక్క అన్నీ బుద్ధిగా రాశాను. సోడా దగ్గరికి వచ్చేసరికి ప్రకటనలు వచ్చాయి. అటు పోతే ఎస్సై జీపు ఒక లారీని తరుముతోంది (నాయన లారీ డ్రైవరు కదా, నాకు ఆదుర్దా ఉండదా?). లారీ దొరికేసరికి ఇక్కడ గిన్నె కుక్కర్లోకి దిగిపోయింది. అమ్మ లెక్క కావాలంది కదా. గుడ్లు నాలుగు కాబట్టి సోడా కూడా నాలుగు స్పూన్లని గుండ్రంగా రాసేశాను. సోడా తెచ్చింది కూడా నేనే, మా వీధి చివర బెల్లం మామ అంగట్లో. పిల్లలు ఏం కొన్నా చేతిలో ఒక బెల్లం ముక్క పెడతాడని ఆయనకు ఆ పేరు.

కేకు బ్రహ్మాండంగా పొంగింది. సమాజంలో పాస్టరమ్మగారు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "దేవునికి స్తోత్రం" అని, మూతి తుడుచుకునే నెపంతో దాన్ని కొంగులోకి దింపేసింది. మిగతావాళ్లకు అంత ఓర్పు లేదు. సబ్బు నాకినట్టుందని ముఖం మీదే అన్నారు. అమ్మ ఆ ముక్కలన్నీ తిరిగి గిన్నెలోకి ఏరుకుంటూ ఉంటే ఎవరో చాపలు చుట్టమన్నారు. చుట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ చిన్న ముక్క నాలుక మీద వేసుకుని, ఇది తినే సోడా కాదు, బట్టల సోడా అంది. అంగట్లో ఆ రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉండేవి, మొదటిది తినే సోడా, రెండోది బట్టల సోడా.

"యా డబ్బాలోంచి తీసిచ్చినాడు?"

అన్ని వారాలు పోలీసు గస్తీ చూసినదాన్ని, సాక్షి ఎట్లా మాట్లాడాలో నాకు తెలియదా?

"రెండోదాంట్లోంచి మా. నేను సూసినా."

రెప్ప కూడా వేయలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంకెప్పుడూ కేకు జోలికి పోనని అమ్మ నోటుబుక్కులోంచి ఆ కాగితం చింపి, దాంట్లోనే ఒక ముక్క చుట్టి, నన్ను వెంటబెట్టుకుని అంగటికి పోయింది. వీధంతా వినేటట్టు నిలదీసింది. బెల్లం మామ నమాజు టోపీ సర్దుకుని, పొట్లం విప్పి, చిటికెడు నోట్లో వేసుకున్నాడు. కాగితం వైపు కాసేపు చూశాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. పొరపాటు అయ్యింటాది లేమ్మా అన్నాడు, అంతే. ఆ తర్వాత సమాజం ఆడవాళ్లు ఆ అంగడి మెట్లెక్కడం మానేశారు. మామ బట్టల సోడా డబ్బానే తీసేశాడు. నేను కనబడితే మాత్రం బెల్లం ముక్క చాపుతూనే ఉండేవాడు. ఆ చెయ్యి చూడలేక నేను వెనక సందులోంచి బడికి పోవడం మొదలుపెట్టాను.

పాతికేళ్లు గడిచాయి. మొన్న సెలవులకు ఆళ్లగడ్డ పోయినప్పుడు అంగట్లో కొడుకు కూర్చుని ఉన్నాడు, మామ పక్కన కుర్చీలో. ధైర్యం చేసి మొదలుపెట్టాను. ఆయన నన్ను సగంలోనే ఆపాడు.

"తెలుసులే పాపా. మీ అమ్మ కేకు చుట్టుకొచ్చిన కాగితం నీదే గదా. నాలుగు స్పూన్లని ముత్యాల మాదిరి రాసింటివి."

సాక్ష్యం అమ్మ చేతిలో అంగటికి పోతూ ఉంటే, పోలీసు సీరియల్ ఒక్క వారమూ వదలని నేను దాని పక్కనే నడిచాను! మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు మామా అంటే, మా అమ్మ చెయ్యి ఎట్లాంటిదో తనకు తెలుసన్నాడు. చెబితే నా వీపు పగిలేదట. ఆ తర్వాత, అమ్మకు చెప్పావా అని అడిగాడు. లేదన్నాను.

"నాకు జెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే. తెలియంది ఆయమ్మకు."

ఆ సాయంత్రం చెప్పాను. అమ్మ బజ్జీల పిండి కలుపుతోంది (సోడా ఇప్పటికీ బస్టాండు దాకా పోయి ప్యాకెట్టే తెచ్చుకుంటుంది). నలభైకి దగ్గరపడినదాన్ని, చెంపదెబ్బకు అందకుండా రెండడుగులు వెనక్కి నిలబడి మరీ చెప్పాను. అమ్మ కొట్టలేదు. నాలుగు స్పూన్లా అని ఒక్కసారి అడిగింది. తర్వాత చెయ్యి కడుక్కుని, మోకాళ్లు పట్టుకుని లేచి, చెప్పులేసుకుంది.

"యాడికి మా?"

"బెల్లమన్న అంగటికి. సోడా తెచ్చుకునేకి."

ప్యాకెట్టు ఇంట్లోనే ఉంది కదా అని నేను అనలేదు. తల వంచుకుని ఆమె వెనకే నడిచాను. మామ ఈసారి బెల్లం ముక్క ఇస్తే చెయ్యి చాపాలా వద్దా అన్నది అంగడి మెట్ల దాకా పోయినా తేలలేదు.