మాకోసం మిషన్‌గా మారిన కంప్యూటర్ సార్

పోయిన సోమవారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "పాపా, మీ కంప్యూటర్ సారు పొద్దున పోయినాడంట." అప్పుడు నేను బెంగళూరు ఆఫీసులో ఏఐ రాసిన కోడ్‌ను సరిచూస్తున్నాను. సరిచూడడమంటే, బాగుందని బటన్ నొక్కడం. వార్త విన్నాక కూడా అలవాటుగా ఇంకోసారి నొక్కాను.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. తాత బంగారు గనిలో కార్మికుడు. గనులు మూతపడ్డాక నాన్న రోజూ రైలెక్కి బెంగళూరుకు కూలికి వెళ్లేవాడు. ఇప్పుడు నేనూ రోజూ అదే రైల్లో ఆఫీసుకు వెళ్లొస్తాను. కంప్యూటర్ గురించి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మా ఇంటికి దగ్గర్లోని రాబర్ట్‌సన్‌పేటలో ఒక మిద్దెమీద సార్ నడిపే కంప్యూటర్ సెంటర్‌లో చేరాను.

కరెంటు పోతే సార్ తానే కంప్యూటర్ అయ్యేవారు. "ఇప్పుడు నేనే మిషన్. చెప్పండి, ఏం చెయ్యల్ల?"

"కింద అంగడికి పోయి టీ తాగండి సార్" అన్నాను ఒకరోజు. మెట్లు దిగి వెళ్లారు. ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళితే అంగడి బెంచీమీద కాలుమీద కాలేసుకుని కూర్చున్నారు.

"ఏం సార్, ఈడనే ఉండారు?"

"తిరిగి రమ్మని యాడ చెప్పినావమ్మా? నీ మనసులోది మిషన్‌కు తెలుస్తాదా?"

"ఇంగో టీ కావల్లన్నా ఈ పాపే చెప్పల్లనా సార్?" అన్నాడు అంగడాయన.

ఆ రోజు మేం చాలా నవ్వుకున్నాం. చెప్పకుండా వదిలేసిన మాటేదో వెతికి పట్టుకోవడంలో ఎంత సరదా ఉందో నాకప్పుడు తెలిసింది. ఆ సరదా కోసమే ఈ పనిలోకి వచ్చాను.

ఇప్పటి మిషన్ రమ్మని చెప్పకపోయినా తిరిగి వస్తుంది. వస్తూ వస్తూ అందరికీ టీ కూడా తెస్తుంది. వెతకడానికి నాకేమీ మిగలదు.

సార్ మంచాన పడ్డాక చూడడానికి వెళ్లి ఈ మాటే అన్నాను. నాతో కలిసి తిడతారనుకున్నాను. ఆయనేమో నా ఫోన్ తీసుకుని ఏఐని ఏవేవో అడుగుతూ మురిసిపోతున్నారు. ఒళ్లు మండింది.

"నా పని పోతా ఉంటే మీకు ఆటగా ఉండాదా సార్?"

"పని యాడ పోయిందమ్మా? జీతమొస్తా ఉండాది కదా. ఆట పోయిందని కదా నీ ఏడుపు?"

"అవును సార్."

"ఆటను కంపెనీవాళ్లు ఇస్తారా? అది నువ్వే ఆడుకోవల్ల."

"రైల్లోనే సగం బతుకు పోతా ఉంటే ఇంగ ఆటెప్పుడు సార్?" అని లేచి వచ్చేశాను. మళ్లీ వెళ్లి ఆ వాదన తేల్చుకుందామనుకున్నాను. ఆయన ఆగలేదు. అంత సులువుగా ఎలా చెప్పేశారని నాకు ఇప్పటికీ కోపమే.

మొన్న శనివారం మధ్యాహ్నం, ఇంటికి వస్తూ రైల్లో లాప్‌టాప్ తీశాను. ఏఐని ఆపేసి చిన్న ప్రోగ్రాం మొదలుపెట్టాను. తెరమీద ఒక బంతి గోడకు తగిలి వెనక్కి ఎగరాలి, అంతే. ఎవరికీ అక్కర్లేనిది. బంతి గోడలో ఇరుక్కుంది. ఒకచోట మారిస్తే నేలలోకి దిగిపోయింది. తిట్టుకుంటూ మళ్లీ మార్చాను.

"దిగలేదా అమ్మా? ఇంగ ముందుకు పోదు బండి."

తలెత్తితే, పెట్టె ఊడ్చే అన్న. పెట్టెంతా ఖాళీ. నేను దిగాల్సిన ఊరిగాం ఎప్పుడో దాటిపోయింది. ఇది మారికుప్పం, చివరి స్టేషన్. కిటికీ బయట, గనుల్లో బంగారం తీశాక పోసిన సైనైడ్ మట్టి దిబ్బలమీద ఎండ పడుతోంది.

ఆయన చీపురు ఆపి తెరవంక చూశాడు. గోడలో సగం మునిగి బంతి వణుకుతోంది.

"ఏమ్మా, అది బయటికి రాదా?"

"వస్తాది, ఉండన్నా" అన్నాను.

ఆయన నా కాళ్ల చుట్టూ ఊడ్చుకుంటూ ముందుకు పోయాడు.