నలభై మూడు సెకన్లు

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం మీద పోగు తెగితే, పేక నూలుతో అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడులోనే ఆయనకు తెలిసిపోయేది. వెంటనే ఆపేసి, తెగిన పోగు వెతికి ముడేసి, పడుగు మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అరచెయ్యి ఆడించి, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టేవాడు. "తెగిన పోగుమీద నేస్తే చీరే మనల్ని చూసి నగుతాదప్పా" అనేవాడు. నిదానమే ప్రధానం అని రోజుకు నాలుగుసార్లు అంటుంటే మేము విసుక్కునేవాళ్ళం.

ఆ అలవాటు నాకు అంటలేదు. మా తమ్ముడికి అంటింది, అదీ గోల్ఫులో.

మగ్గాల ఇంట్లో గోల్ఫు ఏందని చాలామంది అడిగారు. నాకు ఇరవయ్యేళ్ళప్పుడు మగ్గం పని బాగా పడిపోయింది. హిందూపురం దాటి, సరిహద్దు అవతల, బెంగళూరు వాళ్ళు వచ్చి ఆడుకునే కోర్సు ఒకటుంటే ప్యాసింజరు రైలెక్కి పోయి ఆటగాళ్ళ కర్రల బ్యాగులు మోసే పనికి చేరాను. రెండేళ్ళకు తమ్ముణ్ణి కూడా పిలుచుకుపోయాను. పని లేని రోజుల్లో పెనుకొండలో మా మేనమామ చేనికి పోయేవాళ్ళం. శనక్కాయలు పీకేసిన చేలో ఖాళీ పెయింటు డబ్బాలు పూడ్చి, ఎవరో పారేసిన గోల్ఫు కర్రలతో ఆడేవాళ్ళం. నేను టపీమని కొట్టేసి పోయేవాణ్ణి. వాడు బంతి వెనక నిలబడి చూసి, రెండడుగులు ముందుకేసి, అరచెయ్యి ప్యాంటు మీద ఆడించుకుని, అప్పుడు కొట్టేవాడు. మధ్యలో మేక అరిచిందా, ఆపేసి వెనక్కి పోయి మళ్ళీ మొదటినుంచీ.

"నీ తమ్ముడు కొట్టేలోపల ఇంకో పంట చేతికొస్తాది పోప్పా" అని మా మామ గట్టుమీద కూర్చుని ఎగతాళి చేసేవాడు. కానీ వాడు కొట్టిన బంతి డబ్బా పక్కనే పడేది. నాది గట్టు దాటేది.

వాడు ఆటగాడయ్యాడు. నేను రెఫరీనయ్యాను. నా చేతికి ఒక స్టాప్‌వాచీ ఇచ్చి, పోటీల్లో నిదానంగా ఆడేవాళ్ళను తరిమే పని అప్పగించారు. ముగ్గురేసి గుంపులుగా ఆడతారు. ఒక గుంపు వెనకబడితే దాని వెనకున్న గుంపులన్నీ ఎండలో నిలబడిపోతాయి. అప్పుడు మేము పోయి, ఇకనుంచి మీకు వాచీ పెడుతున్నామని చెప్తాం. ఒక్కో షాటుకు నలభై సెకన్లు. ఒకసారి దాటితే హెచ్చరిక. రెండోసారి దాటితే కార్డులో ఒక షాటు ఎక్కువ రాస్తాం. తక్కువ షాట్లలో ముగించినవాడే గెలిచే ఆట కాబట్టి అది పెద్ద దెబ్బే. మా పెద్ద రెఫరీ, ఆయనదీ మన వైపే, ఆలస్యం అమృతం విషం అని ప్రతి పోటీకి ముందు మాకు చదివి వినిపించేవాడు. ఇంట్లో ఒక సామెత, పనిలో ఇంకో సామెత. జీతమిచ్చేది రెండోదే.

నలభై సెకన్లు ఎక్కడినుంచి లెక్కపెట్టాలన్నది మాత్రం కొంచెం రెఫరీ చేతిలో ఉంటుంది. ముందువాడి బంతి ఆగాక, ఎండలో నడిచొచ్చినవాడు బ్యాగు దించి చెమట తుడుచుకునేదాకా నేను మీట నొక్కేవాణ్ణి కాదు. మూడు నాలుగు సెకన్లుంటాయంతే. ఎవరూ అడగకపోయినా అందరికీ ఇచ్చేవాణ్ణి.

పోయినేడాది అర్హత పోటీ జరిగింది. అందులో జాబితాకెక్కితే ఏడాదంతా పెద్ద పోటీలు ఆడే కార్డు వస్తుంది. తమ్ముడికి ముప్పై నాలుగేళ్ళు, అంతకుముందు నాలుగుసార్లు తప్పింది. ఈసారి కూడా రాకపోతే తిరిగొచ్చి మగ్గంలో కూర్చుంటానని నాయనకు మాటిచ్చాడు.

ఆఖరి రోజు పద్దెనిమిది హోల్స్‌లో చివరి నాలుగింటి దగ్గర నేనున్నాను. వాడి గుంపు వెనకబడి వచ్చింది. "ఆ గుంపులో మీ తమ్ముడుండాడు కదప్పా, ఇంకొకర్ని పంపిచ్చేదా?" అని పెద్ద రెఫరీ వాకీటాకీలో అడిగాడు. అవసరం లేదు సార్ అన్నాను. కంచే చేను మేసిందని ఎవడూ అనకూడదు, తప్పుకున్నాడని కూడా అనకూడదు. నా పొగరు అది, ఇంకేమీ కాదు.

పదహారో హోల్ దగ్గర వాడు ఒకసారి నలభై దాటాడు. హెచ్చరించాను, తల ఊపాడు. పదిహేడో హోల్ దగ్గర ముందువాడి బంతి ఆగీ ఆగకముందే మీట నొక్కాను. తమ్ముడింకా బ్యాగు దించలేదు. వెనక నిలబడి చూశాడు, రెండడుగులు వేశాడు, అరచెయ్యి ఆడించాడు. అంతలో రోడ్డుమీద లారీ ఒకటి హారన్ కొట్టింది. కొట్టెయ్‌రా, ఈ ఒక్కసారికి కొట్టెయ్ అనుకున్నాను. వాడు ఆపి, వెనక్కి పోయి, మళ్ళీ మొదలుపెట్టాడు.

బంతి జెండా పక్కనే పడింది. వాచీలో నలభై మూడు ఉంది.

"ఒక షాటు పెనాల్టీ" అన్నాను.

"నలభై మూడా అన్నా?"

"నలభై మూడు."

"సరే" అన్నాడు. బ్యాగెత్తుకుని పోయాడు.

ఒక్క షాటు తేడాతో వాడి పేరు జాబితాలోకి రాలేదు. సొంత తమ్ముడని కూడా చూడలేదని అందరూ నన్ను మెచ్చుకుని టీ ఇప్పించారు. సిగ్గులేకుండా తాగాను. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక లెక్క తట్టింది. ఊరందరికీ ఇచ్చిన ఆ నాలుగు సెకన్లు వాడికీ ఇచ్చి ఉంటే ముప్పై తొమ్మిది. చెయ్యి కడుక్కుని లేచాను. వాడికి ఆ సంగతి చెప్పడానికి ఇన్ని నెలల్లో నాకు ధైర్యం చాలలేదు.

పోయిన నెల ధర్మవరం పోయాను. నాయనకు కళ్ళు మందగించి, మగ్గం పక్కన మంచం మీదే ఉంటున్నాడు. నేసేది తమ్ముడు. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు, అని ఉంటే బాగుండేది. ఊరి సంగతులేవో మాట్లాడుతుండగానే నాయన చెవి రిక్కించాడు.

"ఆపప్పా, పోగు తెగిండాది."

తమ్ముడు ఆపలేదు. "తర్వాత చూస్తాలే నాయనా, టైము పోతాది" అన్నాడు.

"వీడెప్పుడు ఇట్లయిపోయినాడు రా?" అని నాయన నన్నడిగాడు.

నేను చీరవైపు చూస్తూ కూర్చున్నాను. తెగిన పోగు దగ్గర సన్నని గీత పడింది. వాడు నేసేకొద్దీ అదీ పొడుగవుతోంది. జానెడు అయ్యాక ఇంక ఉండబట్టలేక, "రేయ్, ఆ రోజు నలభై మూడు కాదు రా" అన్నాను.

"తెలుసు లేన్నా" అన్నాడు వాడు, నాడె ఆపకుండా. "నేనింకా బ్యాగు దించకముందే నొక్కితివి, చూసినా. లెయ్, నీ రైలుకు టైమయితాంది."